ఎనిమిది చొక్కాల ఉత్తరం

ముప్ఫై ఏళ్ళు ఇతరుల కోపాన్ని చదవడమే నా ఉద్యోగం. కలకత్తాలో ధర్మతల్లా దగ్గర ఒక ఇంగ్లీషు దినపత్రికలో పాఠకుల ఉత్తరాల బల్ల నాది. కొళాయిలో నీళ్ళు రాలేదని, ట్రాము ఆపలేదని, ఫుట్‌బాల్ రిఫరీకి కళ్ళు లేవని జనం రాసేవాళ్ళు. నేను చదివి, పనికొచ్చేవి ఏరి, తప్పులు దిద్ది, చోటుకి సరిపడేలా కత్తిరించి పేజీకి ఎక్కించేదాన్ని. ఇప్పుడు మీకు కోపం వస్తే ఫోను తీసి బొటనవేలితో రెండు ముక్కలు కొట్టేస్తున్నారు. అప్పట్లో కోపం తెలియాలంటే కాగితం కావాలి, కవరు కావాలి, స్టాంపు కావాలి, పోస్టు డబ్బా దాకా నడవాలి. అంత నడిచాక కూడా చల్లారని కోపమే మా బల్ల మీదికి వచ్చేది. అలాంటి కోపాన్ని నేను ఒకసారి ఎలా పాడుచేశానో చెబుతాను.

నేను పుట్టింది లిలువా రైల్వే క్వార్టర్లలో. నాన్న విజయనగరం వైపు నుంచి వచ్చి అక్కడి వర్క్‌షాపులో బండి చక్రాల పనిలో ఫిట్టరుగా చేరాడు. మాది చర్చికి వెళ్ళే కుటుంబం. బడిలో ఇంగ్లీషు, వీధిలో బెంగాలీ, హిందీ. తెలుగు మాత్రం నాన్న బైబిలు మీద వేలు పెట్టి చదివించిన తెలుగే. టైపు నేర్చుకుని పత్రికలో చేరాను, మెల్లగా ఉత్తరాల బల్లకి వచ్చాను. నేను చెప్పబోయే రోజులకి నాకు నలభై దాటాయి. అమ్మ పోయింది. నాన్న రిటైరయ్యాడు. సంత్రాగాఛిలో చిన్న ఇంట్లో మేమిద్దరమే ఉండేవాళ్ళం.

కేబుల్ టీవీ ఇంటింటికీ వచ్చి అప్పటికి చాలాకాలమైంది. ఫుట్‌బాల్ తప్ప ఆటే లేదనుకునే మా ఊళ్ళో కారు రేసుల పిచ్చి కూడా పట్టుకుంది. కలకత్తా రోడ్ల మీద కారు నడిచేది నత్త వేగంతోనే, అయినా ఆదివారం వచ్చేసరికి టీవీల ముందు కుర్చీలు పడేవి. సగంమంది ఎర్ర కారు పక్షం వాళ్ళు. ఆ కారు డ్రైవరు వరసగా గెలుస్తూనే ఉన్నాడు. ఎంతగా గెలిచాడంటే, మిగతా లోకానికి విసుగొచ్చి టీవీలు కట్టేయడం మొదలుపెట్టింది. దాంతో రేసుల పెద్దలు ఎక్కడో కూర్చుని పాయింట్ల లెక్క మార్చేశారు.

నాకు చక్రం గురించి నాన్న చెప్పింది తప్ప ఇంకేమీ తెలియదు. అందుకని క్రీడల పేజీ చూసే పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. లావుపాటి, నిదానమైన బెంగాలీ ఆయన. మధ్యాహ్నం మూడయ్యేసరికి ఆవనూనె కలిపిన మరమరాలు గిన్నెలో పెట్టుకుని, అవి అయ్యేదాకా ఎవరితోనూ గొడవ పడేవాడు కాదు. ఆయన నాకు మరమరాలతోనే పాఠం చెప్పాడు. మొదటివాడికి పది, రెండోవాడికి ఆరు ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు మొదటివాడికి అదే పది, రెండోవాడికి ఎనిమిది. అంటే గెలిచినవాడు ఎంత గెలిచినా వెనకవాడు పక్కనే ఉంటాడు. ఏడాది చివరిదాకా ఎవరు విజేతో తేలదు, జనం టీవీ కట్టెయ్యరు. ఇంతే సంగతి అని చెప్పి ఆ పద్దెనిమిది మరమరాలూ నోట్లో వేసుకున్నాడు.

ఆ ఇంతే సంగతికి రోజుకో కట్ట ఉత్తరాలు వచ్చాయి. పరీక్షలో ఫస్టు వచ్చిన పిల్లవాడి మార్కులు సెకండు వచ్చినవాడికి పంచిపెడతారా అని ఒక స్కూలు మాస్టారు అడిగాడు. మా ఊళ్ళో ఎప్పటినుంచో ఎర్రజెండా ప్రభుత్వమే కదా, ఎర్ర జెండా కింద బతుకుతూ ఎర్ర కారుకి అన్యాయం జరుగుతుంటే చూస్తూ ఊరుకోవాలా అని బాలీగంజ్ నుంచి ఒకాయన వాపోయాడు. డాక్‌యార్డు యూనియన్ నాయకుడొకడు మాత్రం ఎదురు రాశాడు. రెండోవాడు కూడా చెమట ఓడ్చాడు, వాడి చెమటకి ధర పెంచితే మీకేమిటి నొప్పి అని. ఇంకో ఇల్లాలు, పాయింట్లు ఎన్నయినా ఇచ్చుకోండి, రేసుని మాత్రం భోజనాల వేళ పెట్టకండి అని రాసింది. ఇవన్నీ చదువుతూ నవ్వుకునేదాన్ని. పని అంత బాగా నచ్చిన రోజులు మళ్ళీ రాలేదు.

మా ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. ఏ గొడవ మీదైనా రెండు పక్షాల ఉత్తరాలూ సమానంగా వెయ్యాలి. ఈ గొడవలో చిక్కు ఏమిటంటే, కొత్త నిబంధనను తిట్టేవాళ్ళు బోలెడంతమంది, మెచ్చుకునేవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టగలిగేంతమంది. ఒక గురువారం సాయంత్రం పేజీ వెళ్ళిపోయే వేళకి తిట్లు మూడున్నాయి, మెప్పులు రెండే. మూడో మెప్పు కోసం కట్టలన్నీ తిరగేశాను. మెటియాబ్రుజ్ నుంచి వచ్చిన ఒక ఉత్తరం కనబడింది. రాసినాయన టైలరు, బట్టలు కుట్టించే చిన్న కార్ఖానా యజమాని. గుండ్రటి అక్షరాలతో చక్కటి ఇంగ్లీషు. మొదటి పేరా ఇదీ:

‘కొత్త నిబంధన చాలా న్యాయమైనది. మా కార్ఖానాలో రోజుకి పది చొక్కాలు కుట్టేవాడు ఉన్నాడు, ఎనిమిది కుట్టేవాడు ఉన్నాడు. ఇకమీదట ఇద్దరికీ ఇంచుమించు ఒకటే మర్యాద. పోటీ అంటే అందరూ సంతోషంగా ఇంటికి వెళ్ళడమే.’

నా కళ్ళు చల్లబడ్డాయి. కింద ఇంకో పేరా ఉంది, కానీ పేజీలో నాలుగు లైన్లకే చోటుంది. పేజీ కట్టేవాడు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. రెండో పేరా చదివాను అని ప్రమాణం చేసి చెప్పలేను. చూశాను. ఎర్ర పెన్సిలు అడ్డంగా గీశాను. మూడు తిట్లు, మూడు మెప్పులు. తృప్తిగా ఇంటికి వెళ్ళిపోయాను.

సోమవారం ఒక అమ్మాయి ఫోను చేసింది. మా నాన్న ఉత్తరం మీరు సగమే వేశారు, అర్థం తిరగబడింది అంది. ఇలాంటి ఫోన్లు రోజూ వచ్చేవి. మేం కంఠస్థం చేసిన జవాబొకటి ఉండేది. స్థలం చాలనప్పుడు ఉత్తరాలను కుదించే అధికారం పత్రికకు ఉంది అని. ఆ వాక్యం అప్పజెప్పి ఫోను పెట్టేశాను. పొరపాటు అందరూ చేస్తారు. దాని మీద కూర్చోవడం మాత్రం నాలాంటి అనుభవజ్ఞులకే చేతనవుతుంది.

మంగళవారం మధ్యాహ్నం గేటు వాచ్‌మన్ పైకి ఫోను చేసి, దీదీ, డెప్యుటేషన్ వచ్చింది అన్నాడు. ఫిర్యాదు పట్టుకుని గుంపుగా రావడాన్ని అక్కడ అలా అంటారు, ఆ రోజుల్లో కలకత్తాలో డెప్యుటేషన్ లేని మధ్యాహ్నం ఉండేది కాదు. ఏ యూనియన్ అని అడిగాను. యూనియన్ కాదు, కారు రేసు వాళ్ళు అన్నాడు. కిటికీలోంచి చూస్తే ముప్ఫైమంది ఉన్నారు. కొందరి మెడల్లో ఇంకా కొలత టేపులున్నాయి. ఒకడి చేతిలో అట్టముక్క, దాని మీద ‘నల్ల చట్టం చొల్బే నా’ అని రాసి ఉంది. చొల్బే నా అంటే సాగదు అని. మా ఊళ్ళో బస్సు చార్జీ పెరిగినా, కరెంటు పోయినా వినబడే మాటే. ఎక్కడో విదేశంలో రాసిన కారు రేసు నిబంధనకి కూడా అది చక్కగా అతికింది.

ఒక కాలేజీ పిల్ల వాళ్ళలోంచి ముందుకొచ్చి పైకి రావడానికి అనుమతి అడిగిందట. తీసుకురమ్మన్నాను. ఆ గుండ్రటి అక్షరాలు ఆమెవే. తండ్రి ఉర్దూలో చెబితే ఆమె ఇంగ్లీషులో రాసింది. సంగతంతా నిలబడే చెప్పింది, కూర్చోమన్నా కూర్చోలేదు.

కార్ఖానా పైగదిలో ఆదివారాలు రేసు చూసే క్లబ్బు పెట్టింది ఆమె తండ్రే. టీవీ ఆయనదే, టీ ఆయనదే. అందరూ ఎర్ర కారు వాళ్ళే. శుక్రవారం పత్రికలో ఆయన పేరుతో ఆ ఉత్తరం పడేసరికి క్లబ్బంతా మండిపడింది. మాకు నాయకుడిగా ఉంటూ దొంగచాటుగా ఆ చట్టాన్ని మెచ్చుకున్నాడని. ఆయన ఎంత చెప్పినా వినలేదు, అచ్చులో ఉన్నదే నిజమన్నారు. ఆదివారం ఒక్కడు కూడా రాలేదు. అందరూ పక్క వీధిలో ఇంకో టీవీ ముందు కూర్చున్నారు.

"ముప్ఫైమందికి టీ పెట్టారు నాన్న" అంది ఆ అమ్మాయి. "రేసు మొత్తం ఒక్కరే చూశారు. నేను పక్కన కూర్చున్నా నాతో కూడా మాట్లాడలేదు. అందుకని నేనే అందరి దగ్గరికీ వెళ్ళి చెప్పాను, ఆఫీసుకి రండి, అసలు ఉత్తరం చూపిస్తాను, అందులో కూడా అలాగే ఉంటే మా నాన్నని మీ ఇష్టమొచ్చినట్టు అనండి అని. ఉత్తరం ఉంది కదా దీదీ?"

ఉందో లేదో నాకు తెలియదు. వాడేసిన ఉత్తరాలు గోనెసంచిలో వేసేవాళ్ళం, పాత కాగితాలవాడు వచ్చి పట్టుకుపోయేవాడు. ఆమెను బయట బెంచీ మీద కూర్చోబెట్టి సంచిని నేల మీద బోర్లించాను. మోకాళ్ళ మీద కూర్చుని వెతికాను. నీళ్ళ ఉత్తరాలు, ట్రాము ఉత్తరాలు, రిఫరీ ఉత్తరాలు దొరికాయి. గుండ్రటి అక్షరాలు మాత్రం లేవు. నా అవస్థ చూసి క్రీడల పెద్దాయన లేచి వచ్చి ఏం పోయిందని అడిగాడు. చెప్పాను. ఆయన తన బల్ల దగ్గరికి వెళ్ళి మరమరాల గిన్నె ఎత్తాడు. దాని కింద ఉంది. కవిగారి ఉత్తరంలా బాగుంది, ఇంకోసారి చదువుదామని తెచ్చుకున్నాను అన్నాడు. నూనె మరక గుండ్రంగా, ముద్ర కొట్టినట్టు పడి ఉంది.

రెండో పేరా మొట్టమొదటిసారి సరిగ్గా చదివాను. అమ్మాయి ఫోనులో చెప్పినట్టు అర్థం తిరగబడే ఉంది.

పెద్దాయన గొంతు తగ్గించాడు. అప్పటికి నెల రోజుల కిందటే సంపాదకుడు నోటీసు పెట్టాడు, ఉత్తరాల అర్థం మార్చినవాళ్ళ మీద చర్య ఉంటుందని. ఇరవై ఏళ్ళ ఉద్యోగం తర్వాత నన్ను ఉత్తరాల విభాగానికి ఇన్‌చార్జి చేసే కాగితం సరిగ్గా అప్పుడే సంపాదకుడి బల్ల మీద ఉంది. ఆ సంగతి ఆఫీసంతటికీ తెలుసు.

"అసలు ఉత్తరం పోయిందని చెప్పు" అన్నాడు. "సంచిలు ఎత్తుకుపోతారని అందరికీ తెలిసిందే. కుదించే హక్కు మనకుంది. వాళ్ళు కాసేపు అరిచి వెళ్ళిపోతారు. ఇంకో గంటలో వాన కూడా వచ్చేలా ఉంది."

చెడ్డవాడు కాదాయన. నా మీద ఇష్టంతోనే చెప్పాడు. నిజం చెప్పాలంటే నేనూ ఒక నిమిషం ఆ కాగితాన్ని చేతిలో మడత పెట్టుకుని నిలబడ్డాను. తలుపు సందులోంచి బెంచీ మీద ఆ అమ్మాయి కనబడుతోంది. భయపడుతున్నట్టు లేదు. ఉత్తరం దొరుకుతుందని ఆమెకు పూర్తి నమ్మకం. ఒళ్ళో చేతులు పెట్టుకుని రైలు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. ఆ నమ్మకం నన్ను మెట్లు దింపింది, నా ధైర్యం కాదు.

గేటు దగ్గర మెట్ల మీద నిలబడ్డాను. తండ్రిని అప్పుడే చూశాను. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు, ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. గుంపుకి నాలుగడుగుల దూరంలో ఒక్కడే నిలబడి ఉన్నాడు. గుంపుకి ముందు భాగంలో, పక్క వీధిలో టీవీ ఉన్నాయన, మెహందీ పెట్టిన గడ్డంతో, కొత్త నాయకుడి హోదాలో నిలబడ్డాడు. నేను హిందీలో చెప్పాను. తప్పు నాది, ఈయనది కాదు, ఉత్తరం ఇక్కడే ఉంది, మొత్తం చదువుతాను వినండి అన్నాను. మొదటి పేరా చదివినప్పుడు గుంపు గుర్రుగా చూసింది. తర్వాత రెండోది చదివాను:

‘ఈ శుభవార్త చెప్పగానే పది చొక్కాలు కుట్టేవాడు, రేపటి నుంచి తానూ ఎనిమిదే కుడతానన్నాడు. రేసుల పెద్దలు ఒకసారి మెటియాబ్రుజ్ వచ్చి మిగతా రెండూ కుట్టిపెడతారేమో కనుక్కుని చెప్పగలరు. మిషను తొక్కడం రాకపోతే బొత్తాలైనా కుట్టమనండి.’

మొదట వెనక వరసలో ఎవడో నవ్వాడు. పది చొక్కాల మనిషి ఆ గుంపులోనే ఉన్నాడట, అందరూ అతని వీపు చరిచారు. బొత్తాల దగ్గరికి వచ్చేసరికి వాచ్‌మన్ కూడా నవ్వుతున్నాడు. మెహందీ గడ్డం ఆయన ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి, ఈ నూనె ఏమిటని అడిగాడు. మరమరాలని చెప్పాను. ఆ ఒక్క మాటతో ఉత్తరం నిజమైనదేనని వాళ్ళకి నమ్మకం కుదిరింది. ఆయన నాలుగడుగులూ దాటి వెళ్ళి టైలరు భుజం మీద చెయ్యి వేశాడు. నా టీవీలో రంగు సరిగ్గా లేదు, వచ్చే ఆదివారం నీ దగ్గరికే వస్తాం అన్నాడు. క్షమించమనడంలో అదొక పద్ధతి.

టైలరు మాత్రం నవ్వలేదు. నా దగ్గరికి వచ్చాడు. నేను మళ్ళీ క్షమాపణ చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు.

"చొక్కాకి చేతులు కత్తిరించేసి బనీను అని అమ్మేశారు దీదీ" అన్నాడు. "చొక్కా కుట్టినవాడు వీధిలోకి ఎలా వస్తాడు?"

రేపు మొత్తం ఉత్తరం వేస్తాం, కింద తప్పు మాదేనని కూడా వేస్తాం అన్నాను. అలా మాటిచ్చే అధికారం నాకు లేదని నోట్లోంచి వచ్చాక గుర్తొచ్చింది. ఆయన తలూపాడు. అప్పుడు కూతురు వైపు చూసి మొదటిసారి నవ్వాడు.

ఇంక వాళ్ళు వెళ్ళిపోతారనుకున్నాను. వెళ్ళలేదు. ఫుట్‌పాత్ మీద టీ బండి చుట్టూ చేరి అసలు చట్టం గురించి మొదలుపెట్టారు. రెండోవాడికి ఎనిమిది ఎక్కువే కానీ ఆరు మరీ తక్కువ కదా అని టీ కాచేవాడు అన్నాడు. అంతే, గుంపు రెండుగా చీలింది. దారినపోయే ఒక బస్సు కండక్టరు దిగి రెండోవాడి తరఫున మాట్లాడి మళ్ళీ ఇంకో బస్సెక్కాడు. మా క్రీడల పెద్దాయన తలుపు చాటు నుంచి బయటికొచ్చి కాసేపటికి మధ్యవర్తి అయిపోయాడు. వాన వచ్చేదాకా సాగింది.

సంపాదకుడు కిటికీలోంచి అంతా చూశాడట. పిలిచాడు. ఆయన తిట్టేటప్పుడు గొంతు పెంచేవాడు కాదు, అందుకే ఎక్కువ తగిలేది. చదవకుండా కత్తిరించావా అని అడిగాడు. అవునన్నాను. ఫోను చేసినప్పుడు కూడా తీసి చూడలేదా అన్నాడు. లేదన్నాను. ఇన్‌చార్జి కాగితం సొరుగులో పెట్టేశాడు, అది మళ్ళీ బయటికి రావడానికి ఏడాది పట్టింది. ఉత్తరం మాత్రం మర్నాడే మొత్తం వెయ్యమన్నాడు, బాక్సు కట్టి మరీ. దాని కింద తప్పు మాదేనన్న రెండు వాక్యాలు నా చేతే రాయించాడు. ఆ రెండు వాక్యాలు రాయడానికి నాకు గంట పట్టింది.

ఇంటికెళ్ళి నాన్నకి చెప్పాను. ఆయన చాప మీద కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తున్నాడు.

"ఏటమ్మా, అంత మొకం ఏసుకున్నావు" అన్నాడు అంతా విన్నాక. "మా షాపులో సక్రం తప్పు కోసీసినామనుకో, అది ఏ కరగ్‌పూర్ కాడో బండి కింద సెప్తాది. అప్పుడు మనం అక్కడుండం. నీ తప్పు నీ గుమ్మంలోకొచ్చి నీకే సెప్పింది. ఇంకేటి కావాల?"

అప్పుడు ఓదార్పులా వినిపించింది. తర్వాత తర్వాత అది పని నేర్పే మాట అని తెలిసింది. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఏ ఉత్తరాన్నీ ముందు చివరి పేరా చదవకుండా మొదలుపెట్టలేదు. మనుషులు అసలు చెప్పదలుచుకున్నది చివరే చెబుతారు. మీలో ఎవరైనా ఇతరుల మాటలు సరిదిద్దే ఉద్యోగంలో చేరితే ఈ ఒక్కటీ గుర్తుపెట్టుకోండి, మిగతాది బల్ల ముందు కూర్చుంటే అదే వస్తుంది.

ఆ ఏడాది రేసుల పెద్దలు కోరుకున్నట్టే అయింది. చివరి రేసు దాకా విజేత ఎవరో తేలలేదు. ఆ రేసు తూర్పు దేశంలో, మనకి ఆదివారం పొద్దున పదకొండుకి. టైలరు కూతురు ఆఫీసుకొచ్చి, మీరు, మీ నాన్నగారు తప్పకుండా రావాలి అని పిలిచింది. చర్చి మానేసి ఎలా అని నేను నసిగాను. ఇంట్లో చెబితే నాన్న అప్పుడే చెప్పులేసుకున్నాడు. పొద్దున్న ఏడింటి ఆరాధనకి వెళ్ళొచ్చేద్దాం, దేవుడు కూడా తీరిగ్గా ఉంటాడు అన్నాడు. నాజిర్‌గంజ్ రేవులో లాంచీ ఎక్కి నది దాటి మెటియాబ్రుజ్ చేరాం.

పైగదిలో కుట్టుమిషన్ల మీద గుడ్డలు కప్పి గోడవారకి జరిపారు. ముప్ఫైమంది, ఒక టీవీ, గాలి ఆడదు. ఎర్ర కారు ఆ రోజు అస్సలు బాగా నడవలేదు. ముందు దేన్నో గుద్దుకుని వెనకబడింది. ఎంతకీ పైకి రాదు. గదిలో అందరూ పక్కనున్నవాడి మోకాలు ఎవరిదో తెలియకుండా పట్టుకుని కూర్చున్నారు. నాన్న మాత్రం ఆ టైర్లు చూస్తూ, అవి అరిగిపోతున్నాయి, వాడికి ఎవరైనా సెప్పండర్రా అని గొణుగుతున్నాడు. చివరికి ఎర్ర కారు ఎనిమిదో స్థానంలో ఈడ్చుకుంటూ వచ్చి చేరింది. పాత లెక్కలో ఆరోవాడి తర్వాత సున్నాయే. కొత్త నిబంధనల్లో ఇంకో ముక్క ఉంది, ఎనిమిదోవాడికి కూడా ఒక పాయింటు. ఆ ఒక్క పాయింటూ కలిపి ఏడాది విజేత అతనేనని టీవీలో కనబడగానే ముప్ఫైమందీ లేచారు. నేనూ లేచాను. ఆ మనిషి పేరు నాకు ఏడాది కిందట తెలియదు, అతని కోసం గొంతు పోయేలా అరిచాను. ఆ పాయింటు లేకపోయినా అతనే గెలిచేవాడని క్రీడల పెద్దాయన మర్నాడు మరమరాలతో రుజువు చేశాడు. ఆ గదిలో ఆ లెక్క చెప్పి ఉంటే బయటికి గెంటేసేవాళ్ళు.

మిఠాయి పంచారు. మెహందీ గడ్డం ఆయన నాన్నకి రెండు పెట్టాడు. గొడవ కాస్త తగ్గాక కూతురు కాగితం, పెన్ను తీసుకుని తండ్రి ముందు కూర్చుంది. ఉత్తరం చెప్పండి నాన్నా, పత్రిక వాళ్ళు ఇక్కడే ఉన్నారు, స్టాంపు కూడా అక్కర్లేదు అంది. అందరూ ఆయన వైపు చూశారు.

ఆయన మిఠాయి తిన్న చేతులు రుమాలుకి తుడుచుకున్నాడు.

"వద్దమ్మా" అన్నాడు. "ఇప్పుడు రాస్తే ఆ చట్టాన్ని మెచ్చుకోవాల్సి వస్తుంది."